కోట మట్టి రుచి

బీదర్‌లో నల్లని పాత్ర మీద వెండి పొదిగే బిద్రీ పనివాళ్లు మట్టిని నాలుక మీద వేసుకుని చూస్తారు, వంటింట్లో ఉప్పు చూసినట్టు. కోటలో ఏళ్ల తరబడి ఎండా వానా తగలని మూలల నుంచి తెచ్చిన మట్టి అది. పనికొస్తుందో లేదో రుచే చెబుతుంది.

మట్టి పని చివర్లో. ముందు లోహం సంగతి. బిద్రీ పాత్రలో నూటికి తొంభై పాళ్లకు పైగా జింకే, తక్కింది రాగి. లెక్కప్రకారం ఈ జంట కుదరకూడదు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి, జింకేమో 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. అయినా కరిగిన జింకులో రాగి ఇమిడిపోతుంది. పోత పోసిన పాత్రను ఆకురాయితో సాపు చేసి, మైలుతుత్తం నీళ్లు పూసి, అప్పుడొచ్చే తాత్కాలిక నలుపు మీద చేత్తోనే పూలూ తీగెలూ గీస్తారు. ఉలితో గాడి తీసి, అందులోకి వెండి తీగను సుత్తితో కొట్టి దించుతారు. మళ్లీ రుద్దేసరికి వెండేదో జింకేదో పోల్చుకోలేం, అంతా ఒకటే తెలుపు.

అప్పుడొస్తుంది మట్టి. నవసాగరంతో కలిపి, వెచ్చబెట్టిన పాత్రకు పట్టిస్తే ఒళ్లంతా నల్లబడుతుంది. వెండి మాత్రం చెక్కుచెదరదు. ఆ నలుపు కిటుకు పిసరంత రాగిలో ఉంది. పైపొరలోని జింకును మట్టిలోని లవణాలు తినేస్తే, మిగిలిన రాగి నల్లగా తేలుతుంది. వట్టి జింకుకు ఆ రంగు రాదు.

అందరం కలిసి ఒక్కటైపోవాలని సభల్లో ఎవరైనా అన్నప్పుడల్లా నాకు బిద్రీయే గుర్తొస్తుంది. వెండిని కూడా మూసలో పడేసి కరిగించి ఉంటే పాత్ర మిగిలేదేమో గానీ పువ్వు మిగిలేది కాదు.

ఊరూ అలాంటిదే. 15వ శతాబ్దంలో గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చిన అహ్మద్ షా బహమనీ సమాధి అష్టూర్‌లో ఉంది. అక్కడి ఉర్సుకు ముస్లింలతో పాటు లింగాయతులూ వస్తారు. బజారులో కన్నడం, ఉర్దూ, మరాఠీ, మన తెలుగు అన్నీ చెల్లుతాయి. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని పంచినప్పుడే కదా, ఈ జిల్లాలోని జహీరాబాద్, నారాయణఖేడ్ మనవైపు వచ్చాయి.

అలాగని ఇదంతా తీపి కథేం కాదు. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీల ప్రధాని అయిన మహమూద్ గవాన్ 1472లో ఇక్కడ మదరసా కట్టించాడు. దక్కనీ అమీర్లకూ బయటి నుంచి వచ్చినవాళ్లకూ నడుమ రగిలిన పోరులో ఆయన పేరిట దొంగ ఉత్తరం పుట్టించారు. 1481లో సుల్తాను ఆయన తల తీయించాడు. ఇన్ని రకాల మనుషులున్న ఊరు కనక గొడవల్లేవనుకోవడం చరిత్ర చదవనివాళ్ల మాట.

2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చినా, 2023లో ఇక్కడి కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చినా, కొనేవాళ్లు లేనిదే పని నిలవదు. ఒకప్పటి బిద్రీ హుక్కా బుడ్లు సాలార్‌జంగ్ మ్యూజియం అద్దాల వెనక్కి వెళ్లిపోయాయి. అందుకే ఇప్పుడు పెన్‌డ్రైవ్‌ల మీద కూడా పారశీక పూలు పూయిస్తున్నారు. సంప్రదాయం పాడవుతోందని నొచ్చుకునేవాళ్లుంటారు. నాకైతే ముచ్చటగానే ఉంది. ఆ హుక్కాలో వేసిన పొగాకు మాత్రం ఇక్కడిదా? అమెరికాలో పుట్టిన ఆకు, పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి దిగింది.