కార్బురేటర్ విప్పే ముందు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. అన్నాళ్లూ కదలకుండా పడి ఉన్న పాత టూస్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్ తెప్ప మళ్లీ నీళ్లలో దిగగానే మొరాయించడం మామూలే. స్టార్టవుతుంది, నెమ్మదిగా తిరుగుతుంది, వేగం పెంచగానే నీరసపడి ఆగిపోతుంది. కంగారుపడ్డవాడు కార్బురేటర్ విప్పుతాడు. చేయి తిరిగిన మెకానిక్ ట్యాంకు మూత చూస్తాడు. పెట్రోలు నడిచే దారినే తానూ నడుస్తూ, ఒక్కో మజిలీ పరీక్షించడం అతని పద్ధతి.

ముందుగా తేల్చాల్సింది లోపం కరెంటుదా, పెట్రోలుదా అన్నది. స్పార్క్ పోతే ఇంజిన్ సాధారణంగా చటుక్కున ఆగుతుంది. పెట్రోలు చాలకపోతే లేస్తూ, తగ్గుతూ, కాసేపు పెనుగులాడి ఆగుతుంది.

ట్యాంకులోంచి పెట్రోలు వెళ్లినకొద్దీ లోపలికి గాలి రావాలి. మూతమీది గాలి స్క్రూ బిగిసి ఉంటే రాదు. మూత వదులు చేయగానే ఇంజిన్ కోలుకుంటే తప్పు అక్కడే.

తర్వాత పైపు మధ్యలోని రబ్బరు బల్బు. దానిమీది బాణం ఇంజిన్ వైపు ఉండాలి. నొక్కుతుంటే కాసేపటికి గట్టిపడాలి. ఇంజిన్ నడుస్తుండగా బల్బు నొక్కుకుపోతే అడ్డు ట్యాంకు వైపున ఉంది. ఎంత నొక్కినా గట్టిపడకపోతే పైపు అతుకుల్లో గాలి లాగుతోంది, లేదా బల్బు వాల్వు పోయింది. కార్బురేటర్ నుంచి పెట్రోలు పొర్లుతుంటే మాత్రం దాని లోపలి సూది వాల్వు మూసుకోవడం లేదన్నమాట. ఆగిపోబోతున్న ఇంజిన్ బల్బు నొక్కితే పుంజుకుంటే అనుమానం ఇంజిన్‌కున్న పెట్రోలు పంపుమీదికి మళ్లుతుంది. అయితే గాలి లాగే అతుకు కూడా అదే లక్షణం చూపిస్తుంది. అందుకే మంచి ట్యాంకు, పైపు ఒకసారి అరువు తెచ్చి తగిలిస్తారు. దాంతో ఇంజిన్ బాగా నడిస్తే దోషం ఇంజిన్ బయటే.

పంపులో పనిచేసేది పల్చటి డయాఫ్రం. క్రాంక్‌కేసులో పీడనం పెరిగి తగ్గడమే దాన్ని ఆడిస్తుంది. ఏళ్లు గడిస్తే అది బిరుసెక్కుతుంది. చిరిగితే పెట్రోలు నేరుగా క్రాంక్‌కేసులోకి పోయి ప్లగ్గు తడిసిపోతుంది.

ఫిల్టరు గిన్నెలోని పెట్రోలు గాజు సీసాలోకి వంపి చూడాలి. నీరుంటే అడుగున తేరుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. పాతకాలపు పైపుల లోపలి పొరనూ దెబ్బతీయగలదు. పైన బాగానే కనిపించే పైపు లోపల పొర లేచి దారి మూసేయవచ్చు.

ఇవన్నీ సరిగా ఉంటేనే కార్బురేటర్. నిల్వ పెట్రోలు ఆవిరై మిగిల్చిన జిగురు జెట్ల సన్నని రంధ్రాలను పూడుస్తుంది. క్లీనర్ కొట్టి గాలితో ఊదాలి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై కొలత తప్పుతుంది.

ఇంత ఓపిక ఎందుకంటే, పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిచే టూస్ట్రోక్‌లో పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. వేడెక్కిన పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి బల్బు నొక్కుతూ ఒడ్డు చేరాలి గానీ, అలాగే వేట సాగించకూడదు. పెట్రోలు పైపు విప్పేటప్పుడు దగ్గర్లో బీడీ, నిప్పు ఉండకూడదు.

నిషేధం మొదలైన రోజే కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయండి. బీటలిచ్చిన పైపు, మెత్తబడ్డ బల్బు, పాత ఫిల్టరు మార్చేయండి. వాటికయ్యే ఖర్చు పట్టేసిన పిస్టన్ బాగుచేయించడానికయ్యే దానిలో చిన్న భాగమే.