నురగకు ముందే జరిగే పని

షాంపేన్ అనగానే బిరడా ఎగిరే చప్పుడు, గ్లాసులో పొంగే నురగ గుర్తొస్తాయి. షాంపేన్ తయారీదారు జోసెఫ్ క్రూగ్ గొప్పతనమంతా ఆ నురగ పుట్టకముందు జరిగే పనిలో ఉంది.

ఆయన 1800లో రైన్ నది ఒడ్డునున్న మైన్జ్‌లో, మాంసం వ్యాపారి ఇంట పుట్టాడు. జర్మన్ల ఊరే అయినా అప్పట్లో అది ఫ్రాన్స్ ఏలుబడిలో ఉండేది. 1834లో షాలోన్ పట్నంలోని జాకెసాన్ షాంపేన్ సంస్థలో ఉద్యోగానికి కుదిరాడు. ఆ రోజుల్లో అది పేరుమోసిన సంస్థ. ఆ ఊరు కూడా మామూలుది కాదు. సీసాలో చక్కెర కాస్త ఎక్కువైతే చాలు, నేలమాళిగల్లో సీసాలు వరసగా పేలిపోయే కాలమది. చక్కెర ఎంతుందో కొలిచి తెలుసుకునే పద్ధతిని 1836లో చెప్పిన ఫార్మసిస్టు ఫ్రాన్స్వా ఆ ఊరివాడే. బిరడా మీద తీగ కింద పెట్టే లోహపు బిళ్లకు 1844లో పేటెంటు తీసుకున్నది క్రూగ్ యజమాని అడాల్ఫ్ జాకెసాన్. అడాల్ఫ్ భార్య తోబుట్టువు ఎమ్మా జోనేను క్రూగ్ పెళ్లాడాడు. అంటే మంచి ఉద్యోగానికి బంధుత్వం కూడా తోడైంది. అంత నిలకడైన బతుకును నలభై దాటాక వదులుకుని, ఇపోలీత్ ద వివెస్ అనే వ్యాపారితో కలిసి 1843లో రీమ్స్‌లో సొంత సంస్థ పెట్టాడు.

ఎందుకు పెట్టాడో తెలియాలంటే ఆ నేల సంగతి తెలియాలి. షాంపేన్ ప్రాంతం ద్రాక్షకు బాగా ఉత్తరాన, చలి అంచున ఉంది. చిగురు వేళకు మంచు కాల్చేస్తుంది, పండే వేళకు వాన ముంచేస్తుంది. ఒక ఏడు అమృతం, మరో ఏడు పులుపు. కొన్నవాడికి మాత్రం ఏటా ఒకే స్థాయి సరుకు అందాలన్నది క్రూగ్ పట్టుదల. 1848లో, ఆరేళ్ల కొడుకు పోల్ పెద్దయ్యాక చదువుకుంటాడని, ఒక నోటుపుస్తకంలో తన పద్ధతి రాసిపెట్టాడు. మంచి సంస్థ రెండే మిశ్రమాలు తయారుచేయాలని, రెండింటి నాణ్యతా సమానంగా ఉండాలని అందులో చెప్పాడు. ఒకటి ఏటా అదే తీరుగా ఉండేది. రెండోది ఆ ఏటి వాతావరణం ఎలా నడిపిస్తే అలా వచ్చేది. నాసిరకం సరుకుతో ఒక్కోసారి బాగానే కుదిరినా దాన్ని నమ్ముకోవద్దని కూడా హెచ్చరించాడు. వ్యాపారం మొదలెట్టి అయిదేళ్లు నిండీ నిండకముందే, తేలిక దారిని కొడుక్కి కూడా మూసేసిన ఆ తెగువ నాకు ఎంతో నచ్చుతుంది.

ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఇప్పటికీ ఆ సంస్థ పీపాల దగ్గర కనిపిస్తుంది. పీపాకు 205 లీటర్లు పడతాయి. పెద్ద తొట్టిలో పోస్తే పది తోటల రసం కలిసిపోతుంది. చిన్న పీపాల్లో అయితే ఏ తోట రసాన్ని ఆ తోటదిగా విడిగా పులియబెట్టొచ్చు. వైన్‌కు చెక్క వాసన అంటకూడదని ఏళ్ల తరబడి వాడి అరగదీసిన ఓక్ పీపాలే వాడతారు. కోతలకు ముందు వాటిని నీళ్లతో తడిపి ఉంచుతారు. ఎండిన చెక్క ఉబ్బి సందులు మూసుకుంటేనే రసం కారకుండా ఉంటుంది.

చలికాలానికి ఆ రసం నురగలేని, నాలుక జివ్వుమనే పచ్చి వైన్ అవుతుంది. ఆ ఏటివి సుమారు 250, పాత సంవత్సరాల నుంచి దాచినవి ఇంకో 150, ఒక్కొక్కటిగా రుచి చూస్తారు. ఇప్పుడు పుల్లగా మొండిగా ఉన్నది ఏడేళ్ల తర్వాత ఏ మిశ్రమానికి వెన్నెముక అవుతుందో నాలుక చెప్పాలి. ఇప్పుడే ఇంపుగా ఉన్నది అప్పటికి చప్పబడిపోవచ్చు. చివరికి పదికి పైగా సంవత్సరాలకు చెందిన 120కి పైగా వైన్లు కలిస్తే 'గ్రాండ్ క్యువే' అవుతుంది. ఆ తర్వాతే సీసాలోకి చక్కెర, ఈస్ట్, నురగ. సీసాలోకి దిగాక ఆ మిశ్రమాన్ని మార్చడానికి ఇక వీలుండదు. అందుకే కలపడంలోనే పనితనమంతా చూడాలంటాను.

క్రూగ్ 1866లో పోయాడు. సంస్థను పోల్ అందుకున్నాడు. ఇప్పుడు యాజమాన్యం విలాస వస్తువుల సంస్థ ఎల్‌వీఎంహెచ్‌ది. కుటుంబంలో ఆరో తరం ఒలివియే క్రూగ్ ఇంకా అందులోనే ఉన్నారు.

ఇదే సంస్థ 1979 పంటతో ఒక ఎదురు ప్రయోగం కూడా చేసింది. మెనీల్ ఊళ్లో చుట్టూ గోడ ఉన్న 1.84 హెక్టార్ల తోట, ఒకే షార్డొనే ద్రాక్ష, ఒకే ఏడు. 'క్లో ద్యు మెనీల్' పేరుతో వచ్చిన ఆ సీసా గ్రాండ్ క్యువే కంటే ఎన్నో రెట్లు ఖరీదు, దొరకడమూ అరుదు. దాని గొప్పంతా ఆ నేలది, ఆ ఏటి ఎండది. నా మెప్పు మాత్రం వాన పాడుచేసిన ఏడాదిలో కూడా అదే స్థాయి అందుకోగలిగిన గ్రాండ్ క్యువేకే.