విప్పడానికే చేసిన అతుకు

ట్రయథ్లాన్‌కు తయారవుతున్న మనిషిని ఆఫీసు పని మీద మూడు వారాలు కొత్త ఊరికి పంపితే, అతని మూడు సాధనల్లో రెండు ఇట్టే సర్దుకుంటాయి. ఈత కళ్ళజోడు, టోపీ, పరుగు బూట్లు సంచిలో ఒక మూలకు పోతాయి. చిక్కంతా సైకిల్‌తోనే. ఒలింపిక్ దూరం పోటీలో 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. ఐరన్‌మ్యాన్ అయితే ఆ లెక్క 3.8, 180, 42.2. ఏ దూరం తీసుకున్నా ఎక్కువసేపు గడిచేది సైకిల్ సీటు మీదే. ప్రయాణాల్లో ముందుగా మూలపడేదీ ఆ సాధనే.

ఈ చిక్కు తీర్చిన ఒక చిన్న వస్తువును ఈ వ్యాసంలో దగ్గరగా చూద్దాం. అరచేతిలో ఇమిడే స్టీలు అతుకు అది. పేరు బైసికిల్ టార్క్ కప్లింగ్. కాలిఫోర్నియాలోని ఎస్ అండ్ ఎస్ మెషీన్ సంస్థ 1990లలో దాన్ని వాడుకలోకి తెచ్చింది. రూపకర్త స్టీవ్ స్మిలానిక్. సైక్లిస్టుల నోట అది ఎస్ అండ్ ఎస్ కప్లర్. నిక్షేపంలాంటి ఫ్రేమును మధ్యకు కోసి, ఆ కోత పెట్టిన చోట దీన్ని అమర్చుతారు. అప్పటి నుంచి ఆ సైకిల్ రెండు ముక్కలుగా విడిపోయి పెట్టెలోకి వెళుతుంది, దిగిన ఊళ్ళో మళ్ళీ ఒక్కటవుతుంది.

హోటల్ జిమ్‌లో సైకిల్ ఉంటుంది, ఊళ్ళో అద్దెకూ దొరుకుతుంది కదా, సొంతదాన్ని మోసుకెళ్ళడం దేనికి అని ఎవరికైనా అనిపిస్తుంది. చెమట పట్టడమే కావాలంటే అవి చాలు. పోటీకి తయారయ్యేవాడి అవసరం వేరు. నిమిషానికి 90 చుట్ల చొప్పున తొక్కితే గంటకు 5,400 చుట్లు. సీటు ఎత్తు, అది ఎంత వెనక్కి జరిగి ఉంది, అక్కడి నుంచి హ్యాండిల్ ఎంత దూరం, ముంజేతులు ఆనించే ఏరోబార్ ఎంత కింద ఉంది అన్న కొలతలు నెలల తరబడి ఒంటికి అలవాటవుతాయి. సీటు కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగినా ఆ తేడా ప్రతి చుట్టులోనూ మోకాలి మీద పడుతుంది. సాయంత్రానికి నొప్పిగా తెలుస్తుంది. అందుకే శ్రద్ధగా సాధన చేసేవాళ్ళు తమ సైకిల్ కొలతలను చెప్పుల సైజంత గట్టిగా గుర్తుపెట్టుకుంటారు.

చేతులకూ అలవాట్లుంటాయి. మన దేశంలో సైకిల్ ముందు బ్రేకు సాధారణంగా కుడిచేతి వైపు ఉంటుంది, అమెరికాలో ఎడమచేతి వైపు. అమెరికాలో అద్దె సైకిల్ ఎక్కినవాడు ఉన్నట్టుండి బ్రేకు నొక్కాల్సి వస్తే, ఆలోచన కంటే ముందు పాత అలవాటే పనిచేస్తుంది. రోడ్డుకు కుడివైపున నడపడమే కొత్తగా ఉన్నచోట బ్రేకులు కూడా తారుమారైతే ప్రమాదం. సొంత సైకిల్ వెంట ఉంటే కనీసం చేతికింద ఉన్నదంతా తెలిసినదే.

ఇక విమానం సంగతి. చాలా విమానయాన సంస్థలు చెక్ ఇన్ సామానుకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 62 అంగుళాలు, అంటే 158 సెంటీమీటర్లు దాటకూడదంటాయి. మామూలు సైకిల్ పెట్టె పొడవే ఆ కొలతలో చాలాభాగం తినేస్తుంది. కప్లర్ ఉన్న సైకిళ్ళ కోసం తయారైన పెట్టె కొలతలు 26, 26, 10 అంగుళాలు. మూడూ కూడితే సరిగ్గా 62. ఒక్క అంగుళం కూడా వృథా పోలేదు.

26 అంగుళాలంటే 66 సెంటీమీటర్లు. రోడ్డు సైకిల్ చక్రంలో టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు. దానికి 25 మిల్లీమీటర్ల టైరు తొడిగితే చక్రం 67 సెంటీమీటర్లు దాటుతుంది. లెక్క ప్రకారం చక్రం పెట్టెలో పట్టకూడదు. కానీ గాలి తీసేస్తే టైరు నొక్కుకుపోయి చక్రం లోపలికి దిగుతుంది. పెట్టె కొలత నిర్ణయించినవాళ్ళు టైరు మెత్తదనాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. పనితనం మీద నా గౌరవం ఇక్కడే మొదలవుతుంది. మిగిలిన అడ్డు ఒక్క ఫ్రేమే. అదీ రెండు ముక్కలైతే పని అయిపోతుంది.

కొయ్యడం ఎవరైనా కోస్తారు. కోసినదాన్ని అతకడమే విద్య. తొక్కేటప్పుడు కుడికాలు ఒకసారి, ఎడమకాలు ఒకసారి ఫ్రేమును మెలిపెడుతుంటాయి. నిలబడి ఎత్తు ఎక్కేటప్పుడు ఆ మెలిక ఇంకా ఎక్కువ. బ్రేకు వేస్తే ముందుభాగం మీద ఒత్తిడి, గుంతలో పడితే అదురు. రెండు గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చి బోల్టు బిగిస్తే కొత్తలో బాగానే ఉంటుంది. కానీ దూరాలంటే కాస్త వదులు ఉండాలి కదా. ఆ వెంట్రుకవాసి వదులే రోజుకు ఇన్ని వేల మెలికలతో పెరుగుతుంది. ముందు టకటక శబ్దం, తర్వాత ఊగులాట.

స్మిలానిక్ అతుకులో భాగాలు మూడే. గొట్టం రెండు కొసలకూ లగ్గు అనే లోహపు ముక్క చెరొకటి, రెంటినీ కలిపి పట్టే ఒక మరనట్టు. లగ్గుల ముఖాల మీద పళ్ళు ఉంటాయి, ఒకదాని పళ్ళు రెండోదాని సందుల్లోకి దిగుతాయి. కిటుకంతా ఆ పళ్ళ వాలులో ఉంది. పన్ను పక్కలు నిట్టనిలువుగా ఉండవు, మొదట్లో వెడల్పుగా, కొసకు పోయేకొద్దీ సన్నగా ఉంటాయి. సన్నటి కొస వెడల్పాటి సందులోకి సులువుగా దిగుతుంది. నట్టు తిప్పేకొద్దీ లోపలికి జరిగి పక్కలతో పక్కలు ఒరుసుకుని బిగుసుకుంటుంది, గొడ్డలి పిడిలో దిగగొట్టిన చీల లాగా. పన్ను కొస మాత్రం సందు అడుగును తాకదు, అక్కడ కావాలనే కాస్త ఖాళీ వదిలారు. ఆ ఖాళీయే ఈ పనిలో అన్నిటికన్నా తెలివైన భాగం అని నా అభిప్రాయం. ఏళ్ళ వాడకంలో పళ్ళ పక్కలు కాస్త అరిగినా, నట్టు మరికొంచెం తిరుగుతుంది, పన్ను మరికొంచెం లోపలికి దిగుతుంది, బిగువు మళ్ళీ వచ్చేస్తుంది. అరుగుదల ఎలాగూ తప్పదని తెలిసి, దానికి ముందే చోటు పెట్టి చేసిన అతుకు ఇది.

పనుల పంపకం చూడండి. మెలికను పళ్ళు ఆపుతాయి. లాగుడును నట్టు ఆపుతుంది. ఒకరి బరువు ఒకరి మీద పడదు. ఈ అతుకు బలం మీద అనుమానం ఉన్నవాళ్ళు టాండెం సైకిళ్ళను చూడాలి. ఇద్దరు మనుషులు ఒకేసారి తొక్కే ఆ పొడవాటి సైకిళ్ళను పెట్టెల్లో సర్దడానికి కూడా ఇవే కప్లర్లను, ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సంఖ్యలో వాడుతున్నారు.

కప్లర్ ఎంత గొప్పదైనా దాన్ని ఫ్రేములో కూర్చేది ఫ్రేము కట్టే పనివాడు. అతని పని చూస్తే గుండె ఝల్లుమంటుంది. యజమాని ప్రేమగా వాడుకుంటున్న సైకిల్‌ను బల్లకు బిగించి, పై గొట్టాన్నీ, వాలుగా దిగే కింది గొట్టాన్నీ రంపంతో కోస్తాడు. స్టీలు ఫ్రేమైతే లగ్గులను బ్రేజింగ్ చేస్తాడు, అంటే వెండి కలిసిన లోహాన్ని కరిగించి అతుకుతాడు. ఇత్తడి బ్రేజింగ్ కంటే తక్కువ వేడిలోనే ఆ లోహం కరుగుతుంది, పలచటి గొట్టానికి దెబ్బ తగలదు. కరిగిన లోహం వేడి ఎటుంటే అటు పారుతుంది కాబట్టి మంటను చుట్టూ సమంగా తిప్పుతూ దాన్ని సందులోకి నడిపిస్తాడు. టైటానియం ఫ్రేమైతే టైటానియం కప్లర్‌ను వెల్డింగ్ చేస్తారు. ఇంత చేసినా రెండు అతుకులూ ఒకే గీతలో కుదరకపోతే అంతా వృథా. ఒక నట్టు సులువుగా ఎక్కి రెండోది మొరాయిస్తే కోతలో వంకర ఉన్నట్టే. మంచి పనివాడు కట్టిన ఫ్రేములో రెండు నట్లూ చేతి వేళ్ళతోనే మర ఎక్కుతాయి, చివరి బిగింపుకే స్పానర్ కావాలి.

దీనికి హద్దులూ ఉన్నాయి. కప్లర్‌కు గుండ్రటి గొట్టం కావాలి. గాలిని చీల్చుకుపోయేలా కత్తి ఆకారంలో చేసే ట్రయథ్లాన్ ఫ్రేములకు ఇది పొసగదు. అల్యూమినియం ఫ్రేమును వెల్డింగ్ చేస్తే ఆ వేడికి దాని బిగువు పోతుంది. కాబట్టి ప్రయాణాల కోసం ట్రయథ్లెట్లు స్టీలు లేదా టైటానియం రోడ్డు సైకిల్ తీసుకుని, దానికి ఏరోబార్ తగిలించి, పోటీ సైకిల్ కొలతలను దాని మీద దించుకుంటారు. పోటీ రోజున ఎక్కేది వేరే సైకిలైనా, ఒళ్ళు మాత్రం అదే భంగిమలో సాధన చేస్తూ వస్తుంది.

ఇదే చిక్కును టామ్ రిచీ మరో దారిలో విప్పాడు. 1970ల చివర్లో కాలిఫోర్నియాలో మౌంటెన్ బైకుకు ఫ్రేములు కట్టిన తొలితరం పనివాళ్ళలో అతనొకడు. అతని బ్రేక్ అవే ఫ్రేములో పైన విడిగా అతుకు లేదు. సీటును మోసే గొట్టమే రెండు ముక్కల్లోనుంచీ దిగి, రెండు బోల్టుల బిగింపుతో వాటిని కలిపి పట్టుకుంటుంది. కింద పెడల్ ఇరుసు దగ్గర రెండు గొట్టాల అంచులను ఒక చిన్న పట్టీ చుట్టి బిగిస్తుంది. పెరిగే బరువు సుమారు వంద గ్రాములు. సైకిల్‌కు ఎలాగూ కావలసిన భాగానికే రెండో పని అప్పజెప్పడం రిచీ తెలివి, విప్పదీసే పనికే ఒక కొత్త భాగాన్ని లోపం లేకుండా చెయ్యడం స్మిలానిక్ తెలివి. తేలికదనంలో రిచీ పద్ధతి మేలు. ఉన్న ఫ్రేమును కోసి వాడుకోవాలనుకునేవాడికి ఎస్ అండ్ ఎస్ దారి అనువు.

సర్దడం కూడా పనితనమే. ముందుగా సీటు గొట్టం మీద, హ్యాండిల్ మీద రంగు టేపుతో గుర్తులు పెట్టాలి, మళ్ళీ బిగించేటప్పుడు కొలతకర్ర అక్కర్లేకుండా. పెడళ్ళు విప్పేటప్పుడు ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుందని గుర్తుంచుకోవాలి. గేరు, బ్రేకు వైర్ల మధ్యలో విప్పుకోవడానికి చిన్న మర కీళ్ళు దొరుకుతాయి. అవి ఉంటే దిగాక గేర్లు మళ్ళీ సరిచూసుకునే బాధ తప్పుతుంది. ప్రతి గొట్టానికీ నురుగు తొడుగు వెయ్యాలి, పెట్టె నొక్కుకుపోకుండా లోపల అడ్డు కడ్డీలు నిలబెట్టాలి. విమానాశ్రయంలో తనిఖీవాళ్ళు మనం లేనప్పుడు పెట్టె తెరవొచ్చు, అందుకే సర్దిన తీరు ఫొటో తీసి మూత లోపల అంటించడం మంచిది. అలవాటైన చేతికి గంటలోపే పని.

ఇంత కష్టానికి ఫలం ఎలా ఉంటుందో ఆస్టిన్ లాంటి ఊళ్ళో తెలుస్తుంది. టెక్సస్‌లో మన తెలుగువాళ్ళు ఉద్యోగాలకు ఎక్కువగా వెళ్ళే ఊళ్ళలో అదొకటి. ఈతకు జిల్కర్ పార్కులో బార్టన్ స్ప్రింగ్స్ ఉంది. సుమారు 3 ఎకరాల ఊటనీటి కొలను, ఏడాది పొడవునా నీళ్ళు 20, 21 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి. వరుసలు గీసే తాళ్ళు లేవు కాబట్టి తల ఎత్తి దిశ చూసుకుంటూ ఈదాలి, చెరువుల్లో జరిగే పోటీలకు కావలసింది సరిగ్గా ఆ అలవాటే. గురువారాల్లో పగలు శుభ్రం చెయ్యడానికి మూసేస్తారు, సాధన ప్రణాళికలో ఆ రోజు పరుగు పెట్టుకోవాలి. పరుగుకు లేడీ బర్డ్ సరస్సు చుట్టూ 16 కిలోమీటర్ల బాట ఉంది. మధ్యలో వంతెనలు ఉండటంతో ఎంత దూరం కావాలంటే అంత చుట్టు కట్టుకోవచ్చు. ఒడ్డు వెంట నడిచే చోటు లేని భాగంలో నీళ్ళ మీదే బోర్డ్‌వాక్ కట్టి 2014లో ఆ చుట్టును పూర్తిచేశారు.

సైకిల్‌కు నైరుతి ఆస్టిన్‌లో వెలోవే ఉంది. సుమారు 5 కిలోమీటర్ల తారుబాట, ఒకే దిశలో తిరగాలి, సైకిళ్ళకూ స్కేటింగ్ చేసేవాళ్ళకూ తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. ఎదురు వాహనం లేదు, సిగ్నల్ లేదు. రోడ్డు నియమాలు ఇంకా ఒంటబట్టని కొత్తమనిషి ఏరోబార్ మీద వంగి, నిర్ణయించుకున్న వేగంతో తొక్కడానికి ఇంతకన్నా క్షేమమైన చోటు ఉండదు. అలా తొక్కి దిగి, వెంటనే బూట్లు మార్చుకుని బయటి వీధుల్లో పరిగెత్తితే, ట్రయథ్లెట్లు బ్రిక్ అని పిలుచుకునే సాధన పూర్తవుతుంది. కొలను, బాట ఊరు ఇస్తుంది, సైకిల్ మాత్రం మనమే తెచ్చుకోవాలి.

అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళకు హైదరాబాద్ ఇప్పుడు నయం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సౌర ఫలకాల కప్పు ఉండటంతో ఎండలోనూ నీడ దొరుకుతుంది. అయితే మన దేశంలోపలి విమానాల్లో సామాను బరువు హద్దు చాలాచోట్ల 15 కిలోలే, పెట్టెతో కలిపి సైకిల్ అంతకు మించుతుంది. కొలతలో కలిసొచ్చినా బరువుకు అదనం కట్టాల్సిందే.

ఈ అతుకు చవక కాదు. ఫ్రేము కోయించడానికి, బ్రేజింగ్‌కు, మళ్ళీ రంగు వేయించడానికి అయ్యే ఖర్చుతో మామూలు సైకిల్ ఒకటి కొనొచ్చు. ఏడాదికి ఒక్కసారి ఊరు కదిలేవాడికి అద్దె సైకిలే సరి. ఉద్యోగమే ప్రయాణమైనవాడి లెక్క వేరు, ప్రతి ప్రయాణానికీ సాధన తెగి మళ్ళీ మొదటికి వచ్చే నష్టాన్ని ఈ స్టీలు అతుకు ఆపుతుంది. కొత్త ఊళ్ళో బిగించి ఎక్కిన కాసేపటికే తన కింద ఉన్నది రెండు ముక్కల సైకిల్ అన్న సంగతి అతనికి గుర్తుండదు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు గానీ, దిగుతూ బ్రేకు నొక్కినప్పుడు గానీ ఇంట్లో తొక్కినదానికీ దీనికీ తేడా తెలియదు. ఆ తేడా లేకపోవడం కోసమే అన్ని పళ్ళకూ అంత లెక్కగా వాలు పెట్టారు. ఇంత సేవకు ఈ అతుకు మన నుంచి కోరేది కొంచెమే: బిగించేముందు పళ్ళు తుడవండి, మొదటి రైడు అయ్యాక స్పానర్‌తో రెండు నట్లూ ఇంకోసారి చూడండి, తర్వాత కూడా అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి.