చంకలో తమ్ముడు

మన రచయితలు బాల్యాన్ని గురించి రాసినప్పుడల్లా అమ్మమ్మ వొడీ, వీధి అరుగూ, వెన్నెట్లో గోరుముద్దలూ తప్పకుండా వస్తాయి. వాటి వెనకే ఈనాటి బాల్యాన్ని గురించిన విచారం వస్తుంది. పిల్లలు సెల్‌ఫోను చూస్తూ అన్నం తింటున్నారు, ఆయాల చేతుల్లో పెరుగుతున్నారు, తల్లులకు తీరిక లేదు. గచ్చిబౌలి జీవితాన్ని చిత్రించే కథల్లో ఈ ధోరణి మరీ ఎక్కువ. ఆ కథల్లో ఆర్ద్రత లేదనను. కాని వాటిలో ముఖ్యమైన మనిషి వొకతె కనబడదు. ఆమె అక్క.

అమ్మమ్మ కథలు చెప్పిన మాట నిజమే. కాని తల్లి నాట్లకో కలుపుకో పోయినప్పుడు పసివాణ్ణి రోజంతా మోసిందెవరు? ఎనిమిదేళ్ల ఆడపిల్ల. బడికి పోవలసిన వయసులో తమ్ముణ్ణి చంకనేసుకుని గట్ల వెంట తిరిగింది. కలిగినవారి ఇళ్లలో ఈ పని దాసీది. గోరుముద్దలు తిన్నవాడు పెద్దవాడై రచయిత అయినాడు. ఎత్తుకుని తిరిగిన పిల్ల కాలేదు. అంచేత మన సాహిత్యంలో బాల్యమంటే తమ్ముడి బాల్యమే.

పైగా ఆ బాల్యం అందరికీ దక్కలేదు. 1951 ప్రాంతంలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో దాదాపు 146 మంది ఏడాది నిండకుండా చనిపోయేవారు. 2020 లెక్కల్లో ఆ సంఖ్య దేశంలో 28, తెలంగాణలో 21. టీకాలకూ, ఆస్పత్రి కాన్పులకూ ఏ కవీ పద్యం రాయకపోవచ్చు గాని, వెనకటి బాల్యాన్ని తలుచుకుని కన్నీరు పెట్టేవారు ఈ లెక్క కూడా చూడాలి.

పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కాదనీ, కొట్టి భయపెట్టి పెంచరాదనీ తెలుగులో గట్టిగా చెప్పినవాడు చలం. స్కూళ్ల ఇనస్పెక్టరుగా పనిచేసిన మనిషి గనక బడుల్లో జరిగే హింస ఆయనకు స్వయంగా తెలుసు. 'బిడ్డల శిక్షణ' ఇప్పటికీ చదవదగిన పుస్తకం. అయితే అది ప్రధానంగా తల్లిదండ్రుల మనసు మార్చటానికి పూనుకున్న పుస్తకం. మనసు మారినా తీరిక లేని తల్లి ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లో దొరకదు.

జవాబు వెతికినవారు లేకపోలేదు. 1907లో మరియా మాంటిసోరి తన మొదటి శిశుగృహాన్ని రోము నగరంలో శాన్ లొరెంజో అనే కూలివాడలో తెరిచింది. తల్లీతండ్రీ పనికి పోతే పిల్లలు మెట్లూ గోడలూ పాడుచేస్తున్నారని ఇళ్ల యజమానులు దానికి చోటిచ్చారు. యజమానుల ఉద్దేశం గోడలు కాపాడుకోవటమే. జరిగింది మాత్రం కూలివాళ్ల పిల్లలకు గొప్ప మేలు. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు తరిఫీదు కూడా ఇచ్చింది. ఈనాడు గచ్చిబౌలిలో ఆవిడ పేరు ప్లే స్కూళ్ల బోర్డులమీద కనిపిస్తుంది. వాటి ఫీజు కట్టగల కూలి ఒక్కడుంటే చూపించమనండి!

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఈ రాళ్లగుట్టల ప్రాంతమంతా మేడలైంది. ఆ మేడలు కట్టే చోట ఇప్పటికీ రెండు గుంజల మధ్య పాతచీర ఉయ్యాల కనిపిస్తుంది. ఊపేది అక్కే. చట్టాలు లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశుశాల వుండాలన్నది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. కట్టడపు పనివారికి 1996లో విడిగా చట్టం వచ్చింది. అక్కడ మళ్లీ 50 మంది ఆడకూలీలకు మించి వుండాలన్నది ఆ చట్టం. కూలీలను మేస్త్రీల వారీగా విడగొట్టి లెక్కవేస్తే ఆ సంఖ్య ఎక్కడ తేలుతుంది? 2017 సవరణ ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచి, 50 మంది ఉద్యోగులున్న సంస్థలు శిశుశాల ఏర్పాటు చెయ్యాలన్నది. ఇది ఐటీ ఉద్యోగినికి నిజంగా ఉపకరించింది. కాని ఆవిడ బిడ్డను చూసే ఆయా పనిచేసేది సంస్థలో కాదు, ఇంట్లో. ఆయాకు ఆ సెలవూ లేదు, ఆ శిశుశాలా లేదు. 1975లో మొదలైన అంగన్‌వాడీ వుంది, మేలే చేసింది. అయితే ఐటీ ఆఫీసు అమెరికా గడియారం చూసి రాత్రిదాకా నడిస్తే ఆయా కూడా రాత్రిదాకా వుండాలి. అంగన్‌వాడీ అంతవరకూ తెరిచి వుండదు.

ఇక ఆ కథల సంగతి. ఈ తరహా కథ సాధారణంగా తల్లి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వటంతో ముగుస్తుంది. పాఠకుడు తృప్తిపడతాడు. తండ్రి ఏ పేజీలోనూ ఆఫీసు మానడు! నేరం తల్లిమీద మోపి రచయిత చేతులు కడుక్కున్నాడు. ఇది అభివృద్ధి నిరోధకమైన ముగింపు. కరుణరసం పూసినంతమాత్రాన మరోటి కాదు. ఆ రాజీనామాతో ఆయా పని కూడా పోతుందన్న సంగతి రచయితకు తోచనే తోచదు.

ఇదే కథను ఆయా వెంట నడిపిస్తే ఎలా వుంటుందో ఎవరైనా ప్రయత్నించాలి. రాత్రి తొమ్మిదింటికి లిఫ్టు దిగి, గేటు దగ్గర వాచ్‌మన్‌కు సంచీ తెరిచి చూపించి, షేర్ ఆటో ఎక్కి ఆమె గదికి చేరుతుంది. కూతురు అప్పటికే అన్నం వండి, తమ్ముడికి పెట్టి, వాణ్ణి నిద్రపుచ్చి వుంటుంది. ఆ పిల్ల ఆ రోజు బడికి వెళ్లిందా లేదా అన్నది మన కథకులు ఇంతవరకు అడగలేదు.