చుక్కానికీ సర్వోకీ మధ్య జానెడు తీగ

రిమోట్‌తో నడిచే నమూనా పడవ ఒక పక్కకి లాగేస్తుంటే చేయి వెంటనే ట్రాన్స్‌మిటర్ మీద, చుక్కాని మధ్యస్థానాన్ని సరిచేసే ట్రిమ్ మీటకు పోతుంది. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు. చుక్కానిని తిప్పే చిన్న మోటారైన సర్వోనూ, ఆ చుక్కానినీ కలిపే జానెడు తీగ దగ్గర ఉంటుంది.

1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా రేడియో తరంగాలతో చిన్న పడవను నడిపి చూపించాడు. ఆజ్ఞ గాలిలోంచి వచ్చినా చుక్కాని తిరిగింది లోపలి మోటారు, పళ్లచక్రాల బలంతోనే. ఇవాళ ఆ పనికి అరచేతిలో ఇమిడే సర్వో చాలు. దాని చేయి అటూ ఇటూ సుమారు 45 డిగ్రీలు తిరుగుతుంది. చుక్కానికి అంత అక్కర్లేదు, పెద్ద ఓడల్లోనూ సాధారణంగా 35 డిగ్రీల దగ్గరే ఆపుతారు. అందుకే సర్వో చేతి మీద ఇరుసు నుంచి 10 మిల్లీమీటర్ల దూరంలో తీగ తగిలిస్తే, చుక్కాని చేతి మీద ఇరుసు నుంచి 12 మిల్లీమీటర్ల దూరంలో తగిలించడం మంచిది.

సర్వో మధ్యస్థానంలో ఉన్నప్పుడు తీగ రెండు చేతులతోనూ లంబకోణంలో ఉండాలి. లేదంటే పడవ ఎడమకి చురుగ్గా, కుడికి మందంగా తిరుగుతుంది. ఆ తేడా ట్రిమ్‌తో పోదు. ముందు సర్వోకి కరెంటిచ్చి మధ్యకు తెచ్చుకుని, ఆ తర్వాతే చేతిని కూర్చోబెట్టి స్క్రూ బిగించాలి.

అన్నిటికన్నా పట్టించుకోవాల్సింది వదులు. రంధ్రంలో తీగ అర మిల్లీమీటరు ఆడితే చాలు, 10 మిల్లీమీటర్ల చేతి మీద చుక్కాని దాదాపు 3 డిగ్రీలు ఊగుతుంది. రెండు చేతుల్నీ రెట్టింపు పొడవు చేస్తే తిరిగే కోణం మారదు, ఊగు మాత్రం సగమవుతుంది. ఇంత చవగ్గా దొరికే కచ్చితత్వం పడవలో ఇంకెక్కడా లేదు! అలాగని మరీ బిగించేస్తే సర్వో గుయ్యిమంటూ బ్యాటరీ తాగేస్తుంది. తీగ పొడవైతే నెట్టినప్పుడు విల్లులా వంగుతుంది కాబట్టి మధ్యలో ప్లాస్టిక్ గొట్టంతో ఆసరా ఇవ్వాలి. 2 మిల్లీమీటర్ల సైకిల్ స్పోకు ఈ పనికి బాగా పనికొస్తుంది.

పడవలోకి నీరు రాకుండా, చుక్కాని కడ్డీ దిగే గొట్టం పైకొస నీటిమట్టం కంటే ఎత్తున ఉండాలి, లోపల గ్రీజు ఉండాలి.

ఎన్‌సీసీ నేవీ కేడెట్ల నౌసైనిక్ శిబిరాల్లో షిప్ మోడలింగ్ ఒక పోటీ అంశం. పిల్లలకి నమూనాలు నేర్పేవారు రంగులకీ జెండాలకీ ఇచ్చే సమయంలో కొంత ఈ తీగకూ ఇవ్వాలి. డెక్ అతికించే ముందు, స్క్రూడ్రైవరు చుక్కాని చేతిదాకా చేరుతుందో లేదో వాళ్లతోనే చూపించండి.