నిరీక్షణమును గూర్చిన సాహిత్యము

ఇంటినుండి వెడలిన మనుష్యుడు బ్రతికి యున్నాడో లేదో తెలియక ఏండ్ల తరబడి ఎదురుచూచెడి కుటుంబముయొక్క దుఃఖమును ఏ రసమున చేర్చవలెను? భరతుడు నాట్యశాస్త్రమున కరుణమును నిరపేక్షమనియు, విప్రలంభమును సాపేక్షమనియు వేరుచేసెను. ఆశ ఉడిగినచోట కరుణము. ఆశ మిగిలినచోట విప్రలంభము. కాని ఆశను నిలుపుటయు, ఉడుపుటయు పరుల చేతిలో నున్నచో ఆ భావమున కేమి పేరు? పోయినవాని వార్తను దాచినవాడు, ఇంట మిగిలినవారిని సంకెల వేయకయే బంధింపగలడు. ఈ బంధమును మన సాహిత్య మెంతవరకు గుర్తించినదో విచారింపవలసి యున్నది.

వాల్మీకి గుర్తించెను. సీత అదృశ్యమైనది దండకారణ్య ప్రాంతముననే. రాముడు చెట్లను అడిగెను, మృగములను అడిగెను. ఆమెను కొనిపోయినవాడెవడో జటాయువు చెప్పువరకు ఆయనకు తెలియలేదు. అటు లంకలో రావణుడు సీతకు పండ్రెండు మాసముల గడువు విధించెను. చుట్టును రాక్షసస్త్రీలను కాపుంచెను. యుద్ధకాండమున అతడు చేసిన పని అన్నిటికంటె క్రూరమైనది: మాయచేత రాముని శిరస్సును కల్పించి ఆమె ముందు పెట్టించెను. ఆమె దేహమును తాకలేదు. నిజము తెలిసికొను హక్కును మాత్రము హరింపజూచెను. సరమ వచ్చి చెప్పువరకు ఆ అబద్ధమే ఆమెకు లోకము. అయినను మహాకవి మనయెడ దయ గలవాడు. ఉంగరము చేరును, చూడామణి తిరిగి వచ్చును, పాఠకునకు సర్వము తెలిసియే యుండును. ఉంగరము రాని కథ వ్రాయుట ఆధునికుల పాలబడినది.

అట్టి రచనలలో ముఖ్యమైనది మలయాళమున టి. వి. ఈచ్చర వారియర్ వ్రాసిన తండ్రి జ్ఞాపకములు. ఆయన హిందీ అధ్యాపకుడు. కుమారుడు రాజన్ కోళిక్కోడు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి. అత్యవసర పరిస్థితి కాలమున, 1976 మార్చి 1వ తేదీన, పోలీసులు అతనిని పట్టుకొని కక్కయం శిబిరమునకు కొనిపోయిరి. తండ్రి ద్వారద్వారమున అడిగెను. అధికారులనుండి ఉత్తరము లేకపోయెను. అత్యవసర పరిస్థితి తొలగిన వెంటనే, 1977 మార్చిలో, ఆయన కేరళ హైకోర్టున హెబియస్ కార్పస్ పిటిషను వేసెను. ఆ వ్యవహారము ఫలితముగా ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి కరుణాకరన్ రాజీనామా చేసెను. కుమారుని దేహము మాత్రము దొరకలేదు.

ఈ గ్రంథముయొక్క గొప్పతనము రాజకీయమున లేదు, గృహమున కలదు. మనస్సు చెదరిన భార్యకు ఆయన నిజము చెప్పలేకపోయెను. రాజ్యము తన యెదుట ఏ మౌనము వహించెనో, ఆ మౌనమునే తాను ప్రేమచేత ఇంటిలో వహింపవలసి వచ్చెను. భయము వీధిలో ఆగదు. వంటయింటివరకు వచ్చి, ఒకరితో ఒకరు ఏమి మాటలాడవలెనో నిర్ణయించును. ఈ సత్యమును ఆయన తన్ను తాను మన్నించుకొనక వ్రాసెను.

ఇట్టి దుఃఖమునే షాజీ ఎన్. కరుణ్ 1988లో "పిరవి" చలనచిత్రముగా తీసెను. వృద్ధుడైన తండ్రి రాని కుమారునికై ప్రతిదినము ఎదురుచూచును. కుమార్తె పట్టణమునకు పోయి నిజము తెలిసికొనును, కాని తండ్రికి చెప్పలేదు. హింస ఎక్కడను తెరపై కనబడదు. ఈ నిగ్రహము ప్రశంసనీయమే. అయినను తుదకు తండ్రిని భ్రాంతిలోనికి పంపుట వలన దర్శకుడు మనకొక విశ్రాంతి నిచ్చెను. వారియర్ ఆ విశ్రాంతి ఇయ్యలేదు. ఆయన గ్రంథాంతమున వాన కురియుచుండును, తలుపు తెరచియే యుండును. నా దృష్టిలో చిత్రముకంటె గ్రంథము గొప్పది. తెలియనిదానిని తెలియనిదిగానే నిలుపు ధైర్యము దానికి కలదు.

ఇక దండకారణ్యమునకే తిరిగి వత్తము. బస్తరులో, బీజాపూరు నుండి బాసగూడ పోవు మార్గమున ఆవపల్లి కలదు. తెలుగునేలకు దూరము కాదు. కోయ, దోర్లీ పలుకులు అక్కడి ఇండ్లలో వినబడును. 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిమ్మట ఈ ప్రాంతపు పల్లెలు అనేకము చెదరెను. కొందరు శిబిరములకు చేరిరి, కొందరు అడవికి పోయిరి, వేలమంది నాటి ఖమ్మం జిల్లాకు వలస వచ్చిరి. శిబిరమున నున్నవానిని మావోయిస్టులు అనుమానించిరి. ఊరిలో మిగిలినవానిని పోలీసులు అనుమానించిరి. అట్టిచోట "మావాడెక్కడ?" అని అడుగుటయే ఒక పక్షమున చేరుట యగును. కనుక కుటుంబము అడుగుట మానును. పోయినవాడు తిరిగి రాకయే ఇంటిని అణచి యుంచును.

2011 జూలై 5వ తేదీన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇచ్చిన తీర్పు, గిరిజన యువకులకు స్పెషల్ పోలీసు ఆఫీసర్లని పేరిడి ఆయుధములిచ్చి పోరునకు పంపుట రాజ్యాంగ విరుద్ధమని చెప్పెను. ఆ తీర్పు జోసెఫ్ కాన్రాడ్ నవలిక "హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్"ను స్మరించినది. న్యాయస్థానము సాహిత్యమును ఆశ్రయించుట మనకు గౌరవమే. కాని ఆ నవలికను మరల చదివినచో ఒక లోపము తోచును. కుర్ట్జ్ మరణవార్త వినుటకు ఐరోపాలో ఒక స్త్రీ కలదు; ఆమె ఓదార్పునకై మార్లో అబద్ధము కూడ చెప్పును. మెడలకు గొలుసులతో నడచిన కాంగో మనుష్యులకై ఏ యింట ఎవరు ఎదురుచూచిరో కాన్రాడ్ చెప్పలేదు. చీకటిని చూపెను గాని, ఆ చీకటిలో మేలుకొని యున్న ఇంటిని చూపలేదు.

మన కొరత కూడ ఇదియే. వారియర్ చదువుకొన్నవాడు, కోర్టు భాష ఎరిగినవాడు. అందుచేత ఆయన దుఃఖము గ్రంథమైనది. ఆవపల్లి వంటిచోట తల్లి పలుకు అఫిడవిట్టులోనికి చేరులోపల రెండు మూడు భాషలు మారును. మిగులునవి పేరు, వయస్సు, తేదీ. ఏడేండ్లు వార్త లేనివానిని మృతునిగా భావింపవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టము చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమమునను ఆ నియమమే కలదు. ఆస్తి పంచుకొనుటకు అది చాలును, ఏడ్చుటకు చాలదు. ఆ తల్లి పలుకును ఆమె భాషలోనే విని, ఆమె చెప్పని ముగింపును చేర్పక వ్రాయగల రచయిత కావలెను. ఉంగరము తెచ్చుట సాహిత్యమువలన కాకపోవచ్చును. మాయాశిరస్సును మాయయని చెప్పిన సరమ పని మాత్రము అది చేయగలదు, చేయవలెను.