తెరపై తెలుగు పద్యం: పుట రూపకల్పన – పరిష్కర్త బాధ్యత

వ్యాససంగ్రహం:

ప్రాచీన కావ్యాలు, ఆధునిక కవితలు ముద్రిత గ్రంథం నుంచి తెర మీదికి వస్తున్నాయి. ఆ పుటల రూపాన్ని సంస్థలు, సంపాదకులు ఒక డిజైనర్‌కు అప్పగించి ప్రత్యేకంగా చేయించుకోవడం పరిపాటి అవుతోంది. రోమన్ లిపికోసం పుట్టిన మూసలో తెలుగు పాఠాన్ని పోసినప్పుడు పద్యస్వరూపానికి కలిగే నష్టాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పుట రూపకల్పన పాఠపరిష్కరణలో భాగమేనని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పుట రూపకల్పన, పాఠపరిష్కరణ, యతి, ప్రాస, లిపి, ఫాంటు.

1. ప్రవేశిక:

పాఠపరిష్కరణ అనగానే తాళపత్రప్రతుల సేకరణ, పాఠాంతరాల తులన, సాధుపాఠ నిర్ణయం గుర్తుకు వస్తాయి. నిర్ణయమైన పాఠం పుట మీద ఏ ఆకృతిలో నిలవాలన్నది చాలాకాలం ముద్రాపకుని పనిగానే ఉండిపోయింది. అయితే ఆనాటి ముద్రాపకునికి తెలుగు వచ్చు. అక్షరాలు కూర్చే పనివారికి ఉత్పలమాల, కందం, సీసం కంటికి అలవాటైన ఆకారాలు. వృత్తనామాన్ని పొడి అక్షరంలో ముందు వేయడం, కందంలోని హ్రస్వదీర్ఘ పాదాలను వేరుగా చూపడం, సీసపాదాన్ని రెండు వరుసలుగా విరవడం వంటి పద్ధతులు ఎవరూ శాసించకుండానే స్థిరపడ్డాయి.

తెర మీది పుటకు ఈ వారసత్వం లేదు. ఆ పుటను తయారుచేసే వ్యక్తి నిపుణుడే కావచ్చు. కానీ అతను తెలుగు చదవలేకపోవచ్చు, చదివినా పద్యంతో పరిచయం లేకపోవచ్చు. అప్పుడు పుటను గురించిన జ్ఞానం పని అప్పగించేవారి వైపు నుంచే రావాలి. ఆ పని అప్పగించే తెలుగు అధ్యాపకులు, సంపాదకులు దాన్ని అలంకరణగా మాత్రమే భావిస్తే నష్టపోయేది పాఠం.

2. లిపి స్వభావం – మూస పరిమితి:

రోమన్ లిపిలో అక్షరాలు ఒకే గీత మీద పక్కపక్కన నడుస్తాయి. తెలుగులో అక్షరం పైకి, కిందికి కూడా పెరుగుతుంది. తలకట్టు, గుడి, ఏత్వం పైన ఉంటే వత్తులు కింద చేరుతాయి. రోమన్ లిపికి సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. కొన్ని పుటల్లో శీర్షికల వత్తులు సగానికి తెగిపోవడానికి కారణం ఇదే.

‘స్త్రీ’ అన్నది పాఠకునికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు సంకేతాల వరుస. పేరా మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపే అలంకారాన్ని ఈ సంగతి తెలియకుండా అమరిస్తే అక్షరం ముక్కలయ్యే ప్రమాదం ఉంది. అక్షరాల మధ్య ఎడం పెంచి శీర్షికకు గాంభీర్యం తేవడం రోమన్ పెద్దక్షరాలకు నప్పే పద్ధతి. తెలుగులో పెద్దక్షరాలే లేవు. ఇక్కడ ఆ ఎడం పదపు కట్టును సడలిస్తుంది, సంయుక్తాక్షరాలను చెదరగొడుతుంది.

వాలు అక్షరాల విషయమూ ఇంతే. ఫాంటులో వాలు రూపం లేనప్పుడు తెర నిలువు అక్షరాన్నే కృత్రిమంగా వంచి చూపుతుంది. ముద్ద అక్షరం లేనప్పుడు ఉన్నదాన్నే లావు చేస్తుంది. ‘థ’కు, ‘ధ’కు మధ్య భేదం లోపలి చుక్క ఒక్కటే. అక్షరం కడుపు పూడుకుపోతే ఆ భేదం కంటికి అందదు. కాబట్టి ఉద్ఘాటనకు వాలును కాక ఉల్లేఖన చిహ్నాలను, రంగును, లేదా ముద్ద రూపం విడిగా గీసిన ఫాంటును ఎంచుకోవాలి.

3. పద్యం – విరుపు:

అసలు సమస్య పద్యం దగ్గర మొదలవుతుంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం. ప్రతి పాదంలోనూ రెండవ అక్షరం ప్రాస. ముద్రితగ్రంథంలో నాలుగు పాదాలు ఒకదాని కింద ఒకటి నిలిచినప్పుడు ప్రాసాక్షరం నిలువుగా కంటికి కనబడుతుంది. చేతిఫోను ఇరుకు తెరలో అదే పాదం రెండు వరుసలవుతుంది, పద్యం ఎనిమిది వరుసల వచనంలా కనిపిస్తుంది. పాదం ఎక్కడ మొదలైందో, తెర అంచు దాన్ని ఎక్కడ తుంచిందో విద్యార్థికి తెలియదు. ఛందస్సు నేర్చుకునే దశలో ఉన్నవారికి ఇది చిన్న చిక్కు కాదు.

యతిస్థానంలో విరిస్తే చాలునన్న పరిష్కారం సులభంగా తోస్తుంది. సంస్కృతంలో యతి విరామం కనుక అక్కడ ఆ ఆలోచన పొసగుతుంది. తెలుగులో యతి అక్షరమైత్రి, విరామం కాదు. యతిస్థానం పదమధ్యంలో పడడం తెలుగు పద్యంలో సర్వసాధారణం. అక్కడ విరిస్తే పదం తెగుతుంది. తెగిన పాదభాగాన్ని కొంత లోపలికి జరిపి చూపి, పాదారంభాన్ని మాత్రం ఎడమ అంచున నిలపడం మేలైన మార్గం. అప్పుడు తెర ఎంత ఇరుకైనా పాదాలు నాలుగేనని కన్ను గుర్తిస్తుంది, ప్రాస తన స్థానంలో ఉంటుంది.

సీసం సంగతి వేరు. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉండగా, పాదం సహజంగానే రెండు భాగాలుగా నడుస్తుంది. కింద తేటగీతి గాని, ఆటవెలది గాని చేరుతుంది. ఈ రెండంచెల నిర్మాణాన్ని పుట చూపకపోతే సీసం పన్నెండు వరుసల గుంపు అవుతుంది. వృత్తానికి, కందానికి, సీసానికి వేర్వేరు అమరికలు కావాలని డిజైనర్‌కు చెప్పవలసినవారు పరిష్కర్తలే.

మరొక అంశం వెదుకులాటకు సంబంధించింది. తెలుగు పద్యంలో పదం ఒక పాదంలో మొదలై తరువాతి పాదంలో ముగియవచ్చు. ఒక్కొక్క పాదాన్ని విడి ఖండంగా నిక్షిప్తం చేస్తే ఆ పదం వెదుకులాటకు దొరకదు. పదప్రయోగ సూచి తయారుచేసే పరిశోధకుని లెక్క అక్కడ తప్పుతుంది. కంటికి కనిపించే పాదవిభాగం, లోపల నిలవచేసే పాఠం రెండూ ఒకటే కానక్కరలేదన్న నిర్ణయం మొదటే జరగాలి.

4. ఫాంటు ఎంపిక:

తెలుగు లిపి 1991లో వచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే ఉంది. అయినా ప్రాచీన పాఠానికి కావలసిన సంకేతాలన్నీ ఒకేసారి రాలేదు. అవగ్రహం, దంత్య చ జలు 2008లో, నకారపొల్లు 2021లో చేరాయి. ప్రమాణంలో సంకేతం ఉన్నంతమాత్రాన ఎంచుకున్న ఫాంటులో దాని రూపం ఉంటుందన్న హామీ లేదు. అరసున్న, బండి ఱ, అవగ్రహం ఉన్న పద్యాలనే నమూనాగా ఇచ్చి ఫాంటును పరీక్షించాలి.

స్వేచ్ఛానుమతితో లభిస్తున్న ఫాంటుల్లో కొన్నింటికి పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లున్నాయి. పేరు కవిది కాబట్టి అతని కావ్యానికి అదే తగునని ఎంచుకోవడం సరికాదు. శీర్షికకు నిండుగా కనిపించే ఫాంటు నూరు పద్యాల పఠనంలో కంటిని అలసటకు గురిచేయవచ్చు.

5. ఒప్పందం – హక్కు:

పైకము చెల్లించినంత మాత్రాన రూపం సంస్థ సొత్తవుతుందన్న భావన సరైనది కాదు. భారత కాపీరైటు చట్టం (1957) కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్యకృతిగా పరిగణిస్తుంది. స్వతంత్రంగా పనిచేసే డిజైనర్ రాసిన ప్రోగ్రాముకు సాధారణంగా తొలి హక్కుదారు అతనే. హక్కు బదిలీ లిఖితపూర్వకంగా జరగాలి. ఆ పత్రంలో కాలపరిమితి చెప్పకపోతే అయిదేళ్లుగానూ, ప్రాంతం చెప్పకపోతే భారతదేశంగానూ చట్టం భావిస్తుంది. దశాబ్దాల పాటు నిలవవలసిన కావ్యనిధికి ఈ వివరం ముఖ్యం. మార్పులకు అనుమతి, మూలప్రతి అప్పగింత, ఫాంటు అనుమతి షరతులు ఒప్పందంలోనే ఉండాలి.

6. చదివే రూపశిల్పి:

తెలుగు పుస్తకానికి బాపు (1933–2014) ఇచ్చిన రూపం ఈ చర్చలో స్మరణీయం. ఆయన రచనను చదివి బొమ్మ వేసిన చిత్రకారుడు. అక్షరాన్ని కూడా బొమ్మలో భాగంగా చూశారు. ఆయన చేతిరాత తరువాత ఫాంటుగానూ వాడుకలోకి వచ్చింది. రూపశిల్పి పాఠకుడైతే సూచనల పత్రం చిన్నదవుతుంది. కాని అటువంటివారు ప్రతి సంస్థకూ దొరకరు. దొరకని చోట ఆ చదువును సంపాదకులే పూరించాలి.

తెలుగు రానివారు చేసే రూపకల్పన పనికిరాదని దీనికి అర్థం కాదు. అలవాటు లేని కన్ను అడిగే ప్రశ్నలు మేలు చేస్తాయి. వృత్తనామం పద్యానికి ముందే ఎందుకుండాలి, ప్రతిపదార్థం పద్యం కిందనే ఎందుకుండాలి అని డిజైనర్ అడిగినప్పుడు, అలవాటుగా చేస్తూ వచ్చిన పనికి కారణం వెదకవలసి వస్తుంది. కొన్నింటికి కారణం దొరుకుతుంది. దొరకనివాటిని మార్చుకోవచ్చు.

7. ముగింపు:

డిజైనర్‌కు ఇచ్చే సూచనల పత్రంలో రంగులు, చిహ్నాల కంటే ముందు ఒక వృత్తం, ఒక కందం, గీతంతో కూడిన ఒక సీసం, దీర్ఘసమాసాలున్న ఒక వచనభాగం, చిన్నా పెద్దా పాదాలున్న ఒక వచనకవిత ఉండాలి. ఈ అయిదింటినీ చేతిఫోనులోనూ, పెద్ద తెరమీదా చెదరకుండా చూపగలిగిన రూపాన్నే ఆమోదించాలి. ఈ పరీక్షను తెలుగు చదివినవారే పెట్టగలరు. పాదం ఎక్కడ ముగుస్తుందో తెలియని పుట మీద చదివిన విద్యార్థికి పద్యం వచనంగానే మిగులుతుంది. ఆ తరువాత తరగతిలో యతిప్రాసలు ఎంత బోధించినా అవి అతనికి కంఠస్థం చేయవలసిన నియమాలే తప్ప కంటికి కనిపించే అందాలు కావు. అందువల్ల పుట రూపనిర్ణయాన్ని పరిష్కర్త తన బాధ్యతగా స్వీకరించడం అవసరం.